అత్తతో గోయింగ్ టు, కుక్కతో గొన్నా

ఆవిణ్ని ఊరంతా మేడమ్ అంటుంది. కూరగాయల బండివాడు మేడమ్ అంటాడు, కరెంటు మీటరు చూడ్డానికి వచ్చేవాడు మేడమ్ అంటాడు. కన్నకొడుకు కూడా ఆవిడ బళ్లో చదువుకున్నన్నాళ్లూ అలాగే పిలిచి, ఆ అలవాటు ఇంటిదాకా మోసుకొచ్చి, అన్నం పెట్టబోతే "చాలు మేడమ్" అని వీపు మీద ఒకటి తిన్నాడు.

ఇది ఎదురుగా పిలిచే పేరు. వెనకాల పిలిచే పేరు ఇంకోటుంది: పూర్తివాక్యం. హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పినన్నాళ్లూ ఆవిడ క్లాసులో ఒక్కమాట జవాబు చెల్లేది కాదు. పుస్తకమేదీ అని అడిగితే "ఇంట్లో" అని తప్పించుకోవడానికి వీల్లేదు. నా పుస్తకాన్ని నేను మా ఇంట్లో మరచిపోయి వచ్చాను, అని కర్తా కర్మా క్రియా అన్నీ హాజరు వేయించుకుని, అప్పుడు కూర్చోవాలి. ఒకసారి ఒక పిల్ల కడుపులో తిప్పుతోందని బయటికి వెళ్లడానికి అనుమతి అడుగుతూ, వాక్యం సగంలో ఉండగానే బల్ల మీద కక్కేసుకుంది. ఆయాని పిలవకుండా మేడమే ఆ పిల్ల మొహం కడిగింది, బల్ల తుడిచింది, తన కొంగుతో మూతి ఒత్తింది, ఇంటిదాకా దిగబెట్టి వచ్చింది. మర్నాడు ఆ పిల్ల క్లాసులోకి రాగానే నిన్నటి వాక్యంలో మిగిలిన సగం చెప్పించుకుంది. మీకు నవ్వు రావచ్చు. ఆ పిల్ల ఇవాళ్టికీ ఈ సంగతి అందరికీ చెప్పి నవ్విస్తుంది, రోడ్డు మీద మేడమ్ కనిపిస్తే పరుగెత్తుకొచ్చి చేతిలో సంచీ లాక్కుంటుంది.

డోంట్, ఐమ్ లాంటి మాటలను ఆవిడ ఏదో పోనీలే అని సహించేది. గోయింగ్ టు అనాల్సిన చోట గొన్నా, వాంట్ టు అనాల్సిన చోట వన్నా, డునో, లెమ్మీ లాంటివి మాత్రం ఆవిడ లెక్కలో మాటలే కావు, నమలకుండా మింగిన మెతుకులు. ఎవరైనా పిల్లాడు సినిమాలు చూసి వచ్చి "ఐ గొన్నా" అన్నాడో, మేడమ్ కనుబొమ ఒకటి పైకి లేచేది, పెదవి కాస్త వంకర తిరిగేది, "గొన్నా?" అని ఆ మాటను తిరిగి వాడి మొహానే పెట్టేది. అంతే. క్లాసంతా గొల్లుమనేది. వాడు జన్మలో మళ్లీ అనేవాడు కాదు.

ఇంత చదువు చెప్పిన మనిషిలో ఒక గుట్టు ఉంది. వేగంగా మాట్లాడే ఇంగ్లీషు ఆవిడకు అర్థం కాదు. తప్పు పట్టకండి. ఆవిడ ఇంగ్లీషంతా పుస్తకాల్లోంచి వచ్చింది, రేడియోలో నిదానంగా చదివే వార్తల్లోంచి వచ్చింది. ఇంగ్లీషులో పుట్టి పెరిగినవాళ్లు ఒక్కరు కూడా ఎదురుగా కూర్చుని ఆవిడతో కబుర్లు చెప్పలేదు. ఇంగ్లీషు సినిమా చూస్తే కింద పడే అక్షరాలు చదువుకుంటుంది. పక్కన ఎవరైనా ఉంటే అందరితో పాటు నవ్వుతుంది, అర క్షణం ఆలస్యంగా.

ఉద్యోగం అయిపోయాక, భర్త పోయాక, ముందు గదిలో నల్లబల్ల పెట్టుకుని సాయంత్రాలు ట్యూషన్ చెబుతూ, మందుల షాపు నడుపుకునే కొడుకుతో కడుపులో చల్ల కదలకుండా బతుకుతున్న కాలంలో ఆ ఇంటికి కోడలు వచ్చింది. పెళ్లి సంబంధం ఎవరూ చూడలేదు. ఆ పిల్ల కుక్కల డాక్టరు. కుక్కలకు కట్టే కట్టుగుడ్డల కోసం షాపుకి వచ్చేది, ఆ గుడ్డలు ఎంతకీ సరిపోయేవి కావు, మళ్లీ వచ్చేది. ఆమె పుట్టి పెరిగిన చోట ఇంట్లోనూ వీధిలోనూ ఇంగ్లీషే. తెలుగు ముక్క రాదు. కొడుకు భయపడుతూ సంగతి చెప్పినప్పుడు మేడమ్ ఒకే ప్రశ్న వేసింది.

"నాతో మాట్లాడుతుందంటావా?"

"నీకంటే ఇంగ్లీషు బాగా ఎవరికొచ్చమ్మా ఈ వీధిలో. మీ ఇద్దరికీ భలే కుదురుతుంది చూడు," అన్నాడు కొడుకు.

మేడమ్ సంతోషం ఇంతా అంతా కాదు. ఇన్నేళ్ల చదువు ఇన్నాళ్లకు తన ఇంట్లోనే అక్కరకొచ్చిందనుకుంది. కోడలికి గది సర్దింది, కొత్త దుప్పట్లు పరిచింది, మొదటిరోజు ఏం మాట్లాడాలో వంటింట్లో నిలబడి నాలుగు వాక్యాలు కూర్చుకుంది.

ఆ పిల్ల వచ్చింది. చేతినిండా సంచులు, చంకలో ఒక పూలకుండీ. గుమ్మంలోనే మొహమంతా నవ్వుతో, కుండీ ఎక్కడ పెట్టనా అని అటూ ఇటూ చూస్తూ, ఇక్కడ పెట్టేస్తున్నా అన్న అర్థంలో గబగబా ఏదో అంది. ఆ అన్నదాంట్లో మేడమ్ చెవికి పట్టుబడింది ఒకే ఒక్క మాట: గొన్నా.

చెప్పొద్దూ, పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు, ఉద్యోగంతో వచ్చిన బుద్ధీ అంతే. కూర్చుకున్న నాలుగు వాక్యాలూ ఎగిరిపోయాయి. నోరు దానంతటదే తెరుచుకుంది.

"గోయింగ్ టు, అమ్మా," అంది మేడమ్, ఎంతో ప్రేమగా.

కోడలి నవ్వు చెదరలేదు, కానీ కొంచెం చిన్నదైంది. "గోయింగ్ టు," అని బుద్ధిగా తిరిగి చెప్పింది. కుండీ కింద పెట్టింది. అంతటితో అయిపోయిందనుకుంది మేడమ్. ఎక్కడ అయిపోతుంది.

ఆ రోజు మొదలు కోడలు అత్తగారితో నిండు ఇంగ్లీషే మాట్లాడింది. ఇక్కడ కథ చెప్పేది తెలుగులో గనక, ఆ నిండు ఇంగ్లీషు ఎలా ఉండేదో తెలియాలంటే పాత పుస్తకాల తెలుగులో రాయక తప్పదు. పొద్దున్నే తయారై వంటింటి గుమ్మం దగ్గర నిలబడి ఆ పిల్ల ఇలా అనేది: "అత్తగారూ, నేను ఇప్పుడు చికిత్సాలయమునకు బయలుదేరబోవుచున్నాను. తమకు బజారునుండి ఏమైనను కావలెనా?"

మేడమ్‌కు ప్రతి అక్షరమూ అర్థమయ్యేది. అందులో ఎంత సుఖం ఉందో ఆవిడకే తెలుసు. ఎదురింట్లో బట్టలు కుట్టే టైలరమ్మ దగ్గర కూర్చుని, "మా కోడలి ఇంగ్లీషు వినాలమ్మా నువ్వు. ముత్యాలు ఏరి పోసినట్టుంటుంది. ఒక్క మాట మింగదు," అని మురిసిపోయేది. టైలరమ్మ మిషను తొక్కుతూ "అదృష్టవంతులు మేడమ్," అనేది. ఆమెకు ముత్యాల సంగతి తెలీదు గానీ, ఆ పిల్ల తన దగ్గరకొచ్చి చేతులూ కళ్లూ తిప్పుతూ జాకెట్టు కొలతలు చెప్పి, ఇద్దరూ ఒకరి భాష ఒకరికి రాకపోయినా పగలబడి నవ్వుకున్న సంగతి తెలుసు. అది పైకి అనలేదు.

ఒకనాడు కోడలు క్లినిక్కు నుంచి ఒక కుక్కను తెచ్చింది. ఏ బండి కిందో పడి కాలు విరిగిన వీధికుక్క. మానేదాకా పెరటి వసారాలో ఉంచుతానంది, అదీ పూర్తివాక్యంలోనే, అనుమతి పత్రం చదివినట్టు. మేడమ్ సరేనంది. మర్నాడు పొద్దున ఉతికిన బట్టల బకెట్టుతో పెరట్లోకి వెళ్లబోతూ వసారా తలుపు వెనక ఆగింది. అవతల కోడలు కుక్క కాలికి కట్టు మారుస్తూ దానితో మాట్లాడుతోంది.

"ఏంటే, ఏమైందే నీకు? లెమ్మీ సీ, లెమ్మీ సీ. కాలియ్యవే చూద్దాం. అబ్బ, కదలకే తల్లీ. అయిపోయిందే, అయిపోయింది. యూ గొన్నా రన్, తెల్సా? వీధంతా నీదే. ఎవరొస్తారో రమ్మను, పిక్క పట్టేద్దాం."

ఇంగ్లీషులోనే అంది, తెలుగులో రాస్తే ఇలా ఉంటుంది. మేడమ్‌కు లెమ్మీ, గొన్నా తప్ప ఏమీ తెలియలేదు. కానీ ఆ గొంతు తెలిసింది. ఆ గొంతులో ముద్దు ఉంది, అల్లరి ఉంది, దాపరికం లేదు. ఇన్ని నెలల్లో ఆ గొంతు ఒక్కసారి కూడా తన వైపు రాలేదు. బకెట్టు కింద పెట్టి గోడకు ఆనుకుంది. నాతో గోయింగ్ టు, కుక్కతో గొన్నా, అనుకుంది. అరవై దాటిన మనిషి, ఊరందరి చేతా దణ్ణం పెట్టించుకునే మనిషి, కుంటికుక్కను చూసి కుళ్లుకుంది. ఆ పూట దానికి పాలు పోస్తూ "నీకెందుకే అంత గారం? ఏం చదివావని?" అని నిలదీసింది. అది తోకాడించి పాలు తాగేసింది.

టైలరమ్మ దగ్గర కక్కేసింది. "కుక్కతో ఒకలా మాట్లాడుతుంది, నాతో ఒకలా మాట్లాడుతుంది, ఏమంటావు?"

టైలరమ్మ మిషను ఆపింది. "కోప్పడకపోతే చెప్తాను మేడమ్. మీరు వస్తున్నారంటే నేను కూడా కొంగు సర్దుకుని, గొంతు సవరించుకుని కూర్చుంటాను. మీ ముందు తప్పు మాట్లాడతానేమోనని. నేను మాట్లాడేది తెలుగే అయినా."

"నేను నిన్నెప్పుడైనా ఏమైనా అన్నానా?"

"అనలేదు. ఆ కనుబొమ లేస్తుంది," అంది టైలరమ్మ.

మేడమ్‌కు కోపం వచ్చింది. ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంది. కనుబొమ మామూలుగానే ఉంది.

ఆ వారంలోనే కొడుకు భోజనం చేస్తూ, పళ్లెంలోకి చూస్తూ సంగతి బయటపెట్టాడు.

"క్లినిక్కు పక్కన ఇల్లొకటి ఖాళీ అయిందమ్మా. చూసొచ్చాం. బాగుంది."

"ఎవరికి?"

"మాకే. తనకి రోజూ అంత దూరం..."

"బస్సెక్కితే రెండో స్టాపు. ఎవర్రా దూరమన్నది? ఇక్కడ ఏం తక్కువైందో చెప్పు."

కొడుకు తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. మేడమ్ గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. ఆవిడ ముందు ఎవరు మాత్రం ఎంతసేపు మాట దాచగలరు.

"తను అలిసిపోతోందమ్మా," అన్నాడు చివరికి. "రోజంతా క్లినిక్కులో నిలబడి ఇంటికొస్తుంది. నీతో మాట్లాడాలంటే ప్రతి మాటా ముందు తలలో దిద్దుకుని, అప్పుడు నోరు తెరవాలి. మొదటిరోజు నువ్వు దిద్దావుగా, అప్పట్నుంచీ అంతే. ఇల్లు ఇల్లులా లేదు, పరీక్ష హాల్లా ఉందంది."

"ఆ మాట నాతో చెప్పొచ్చుగా?"

"నీతో చెప్పాలన్నా పూర్తివాక్యంలో చెప్పాలిగా అమ్మా."

వాడు వెటకారానికి అనలేదు. అందుకే మరీ గట్టిగా తగిలింది. ఆ పిల్ల ఈ ఇంట్లోంచి వెళ్లిపోతుంది. కోపంతో కూడా కాదు, మర్యాదగా, చక్కటి ఇంగ్లీషులో సెలవు తీసుకుని వెళ్లిపోతుంది. ఆ తలంపే ఆవిడకు మింగుడు పడలేదు. ఆవిడకు ఆ పిల్ల అంటే ఇష్టం. పొద్దున్నే తడిజుట్టుతో తిరుగుతుంటే ఇష్టం, కుక్క వాసన వేసే చేతులతో పుస్తకం చదువుకుంటుంటే ఇష్టం. ఇష్టమని ఎన్నడూ చెప్పలేదు, చెప్పడానికి ఏదో ఒకరోజు దొరుకుతుందిలే అనుకుంది.

సరే, తప్పు చేసింది తను, దిద్దుకోవలసిందీ తనే. ఆ పిల్లలా మాట్లాడితే భయం పోతుందనుకుని, అంట్లు తోముతూ సాధన మొదలెట్టింది. గొన్నా. వన్నా. లెమ్మీ. నాలుక తిరగదు. తిరిగినా మనసు ఒప్పదు. అయినా పట్టు వదలకుండా, కోడలు ఇంటికొచ్చే వేళకు టీ పెట్టి, గుమ్మంలో ఎదురెళ్లింది.

"హే," అంది మేడమ్. "యూ వన్నా టీ? ఐ గొన్నా గివ్."

ఇక్కడే కొంప మునిగింది. గొన్నా అన్న మాటను ఆవిడ జీవితంలో ఎప్పుడు పలికినా, ఎవరో తప్పు పలికితే అది తప్పని క్లాసుకు చూపించడానికే పలికింది. ఇంకో రకంగా ఎలా పలకాలో ఆ నోటికి తెలీదు. మాట వెంబడే కనుబొమ లేచింది. పెదవి వంకర తిరిగింది. కావాలని కాదు, ఒట్టు. ఇన్నేళ్లుగా ఆ మూడూ కలిసే బయలుదేరేవి.

కోడలు గుమ్మంలోనే ఆగిపోయింది. మొహం ఎర్రబడింది.

"అత్తగారూ, తమరు నన్ను పరిహసించుచున్నారా?" అంది. కోపంలో కూడా ఒక్క అక్షరం పొల్లు పోనివ్వలేదు. ఆ తరవాత తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. మేడమ్ చేతిలో టీ కప్పు చల్లారిపోయింది. ఆదివారం ఆ ఖాళీ ఇంటి యజమాని ఫోను చేస్తాడని, అవునో కాదో అప్పుడు చెప్పేస్తామని కొడుకు చెప్పాడు. ఏం జరిగిందో తెలిసి "ఎందుకమ్మా అలా ఆటపట్టించావు?" అని విసుక్కున్నాడు కూడా. ఆటపట్టించలేదురా, నేర్చుకున్నాను అంటే వాడు నమ్ముతాడా.

ఆదివారం పొద్దున కొడుకు షాపు తెరవడానికి వెళ్లాడు. మేడమ్ వంటింట్లో కూర తరుగుతోంది. ముందు గదిలో ఫోను మోగింది. కోడలు తీసి, అటూ ఇటూ నడుస్తూ మాట్లాడటం మొదలెట్టింది. ఆ ఇంటాయనా కోడలి తరహా మనిషే కాబోలు, ఇద్దరి మాటలూ వాన కురిసినట్టు కురుస్తున్నాయి. మేడమ్ కత్తిపీట ఆపి చెవులు రిక్కించింది. ఒక మాట ఎక్కడ అయిపోతోందో ఇంకో మాట ఎక్కడ మొదలవుతోందో తెలియడం లేదు. తన ఇల్లు ఏమవుతుందో పక్క గదిలో తేలిపోతోంది, తను బతుకంతా చెప్పిన భాషలో తేలిపోతోంది, తనకు మాత్రం ఒక్క ముక్క అందడం లేదు. ఉక్రోషం వచ్చింది, ఆ పైన ఏడుపొచ్చింది. కొడుకు వచ్చేదాకా ఆగితే వాడే చెబుతాడు. ఆవిడ ఆగలేకపోయింది. పొయ్యి ఆపి, చేతులు తుడుచుకుని ముందు గదిలోకి వెళ్లింది.

కోడలు అప్పుడే ఫోను పెట్టేసింది. అత్తగారిని చూడగానే నిటారుగా నిలబడింది, క్లాసులో పేరు పిలిచినట్టు.

"ఆయనకేం చెప్పావు?" అని అడిగింది మేడమ్.

"అత్తగారూ, నేను వారితో..."

"వద్దు," అంది మేడమ్. ఎవరి వాక్యానికీ ఎన్నడూ అడ్డు పడని మనిషి అడ్డు పడింది. "అలా వద్దు. నీకు వచ్చినట్టు చెప్పు."

"అది తమకు నచ్చదు కదా."

"నచ్చకపోవడం కాదమ్మా. నాకు అర్థం కాదు."

ఆవిడ మాట్లాడేది ఎప్పటి నిండు ఇంగ్లీషే, కానీ గుండెలోంచి వస్తోంది గనక మామూలు తెలుగులోనే రాయాలి. "నువ్వు ఫోన్లో మాట్లాడింది అంతా విన్నాను. ఒక్క మాట తెలీలేదు. కుక్కతో మాట్లాడితే తెలీదు, మావాడితో మాట్లాడితే తెలీదు. ఇంతమంది పిల్లలకి ఇంగ్లీషు చెప్పాను గానీ, నాతో ఇంగ్లీషులో కబుర్లు ఎవరు చెప్పారు? నువ్వే మొదటిదానివి. మొదటి మాటకే నేను నోరు జారాను. మొన్న వెక్కిరించలేదమ్మా. నీలాగ మాట్లాడదామని రెండ్రోజులు అంట్ల దగ్గర నేర్చుకున్నాను. నాకు రాలేదు."

కోడలిలో ఏదో తెగింది. మాటలు తోసుకొచ్చాయి, నిండు ఇంగ్లీషు కాదు, ఆమె సొంత ఇంగ్లీషు.

"నేనేమనుకున్నానో తెల్సా మీకు? నేను మాట్లాడితే మీకు సిగ్గనుకున్నా. మా అమ్మ ఇలాగే మాట్లాడేది. హోటల్లో పళ్లేలు కడిగేది, పొద్దస్తమానం గొన్నా వన్నా, తనకి ఇంకోలా రాదు. ఈ ఇంటికొచ్చి నోరు తెరవగానే మీరు దిద్దారు. మా అమ్మే గుమ్మంలో నిలబడి తిట్లు తిన్నట్టయింది నాకు. సరే, ఈవిడకి మా అమ్మ మాట పనికిరాదు కాబోలు అనుకుని నోట్లోనే కుక్కుకున్నా ఇన్నాళ్లూ. మీకు అర్థం కాదని ఒక్క ముక్క చెప్తే ఏం పోయేది? ఎంత మొండి మనిషండీ మీరు!"

ఇదంతా మేడమ్‌కు తెలిసిందనుకోకండి. అమ్మ అన్నది తెలిసింది, సిగ్గు అన్నది తెలిసింది, చివర తిట్టిందని తెలిసింది. మిగతాది కొడుకు తరవాత చెప్పాడు. అమ్మ, సిగ్గు, ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టుకుంటే తను చేసిందేమిటో చాలావరకు బోధపడింది. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఆ ఇల్లు?" అంది. "ఆయనకి ఏం చెప్పావు?"

"డునో అన్నా," అంది కోడలు ముక్కు ఎగబీలుస్తూ. "తెలీదు, సాయంత్రం చెప్తానన్నా."

అంటే ఇంకా తేలలేదు. మేడమ్ చెప్పవలసిన మాట ఒకటి ఉంది. దాన్ని ఆ పిల్లలా చెప్పడం తనకు చేతకాదు. తనకు వచ్చినట్టే చెప్పింది, ఒక్కొక్క మాటా విడివిడిగా, ఏదీ మింగకుండా.

"ఐ డు నాట్ వాంట్ యూ టు గో."

ఇన్నాళ్లూ ఆ రకం ఇంగ్లీషు వింటే బిగుసుకుపోయిన పిల్ల, ఈసారి రెండడుగులు ముందుకొచ్చి అత్తగారి భుజం మీద మొహం పెట్టేసి, ఏడుస్తూ, మధ్యలో నవ్వుతూ, ఏదో చెప్పింది. గబగబా, ముక్కలు ముక్కలుగా, సగం మాటలు చీర మడతల్లోకే పోయాయి.

"మళ్లీ చెప్పు," అంది మేడమ్.

మళ్లీ చెప్పింది. నిదానించలేదు, అంతే వేగంగా చెప్పింది. మేడమ్ మూడోసారి కూడా చెప్పించుకుంది. అప్పటికి అందింది, ఇక్కడే ఉంటామంటోంది.